నారింజ కార్డుల కేసు

బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి మేడమీది ఆఫీసు తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చిన అమ్మాయికి ఇరవై మూడేళ్ళుంటాయి. మెడలో ఆస్పత్రి బ్యాడ్జీ, కాళ్ళకు మడమల దగ్గర అరిగిన బూట్లు, ఒకే చేతికి రెండు గడియారాలు. మెట్లెక్కిన ఆయాసం తగ్గకముందే మాట్లాడింది.

"రేపు పదింటికల్లా నా పెట్టె దొరకాలండీ. లేకపోతే దొంగ లెక్కలు రాసినదాన్నవుతాను."

"పెట్టె సంగతి చూద్దాం. ముందు కూర్చో తల్లీ. రెండు గడియారాలెందుకు?"

"ఒకటి టైము చూడ్డానికండీ. రెండోది స్టాప్‌వాచి."

కుర్చీలో ఉన్న పెద్దాయన పక్కకి తిరిగాడు. "విన్నావా మరదలా? టైముకే రెండు గడియారాలు పెట్టుకున్న పిల్ల పెట్టె పోగొట్టుకోదు. ఎవరో పోగొట్టారు."

"మొదటి నిమిషంలోనే తీర్పు చెప్పేస్తే నా పెన్సిల్‌కి పనేముంటుంది బావగారూ?" అంటూ ఆవిడ నోటు పుస్తకం తెరిచింది.

ఆయన కింద గదిలో ముప్పై ఏళ్ళు ఇనుప సామాన్ల హోల్‌సేల్ కొట్టు నడిపాడు. కొట్టు కూతురికి అప్పగించి, మేడ మీద ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. బజారులో ఆయన్ని అందరూ తక్కెడాయన అంటారు. ఒక మాట చెబితే ఎదుటి పళ్ళెంలో ఇంకో మాట పెట్టి తూచందే నమ్మడు. ఆవిడ ఆయన భార్యకి చెల్లెలు. కోర్టులో స్టెనోగా చేసి రిటైరయింది. బావగారి బుర్రని మెచ్చుకోవడం, బావగారిని దెప్పడం ఆవిడకి ఒకే ఉద్యోగంలో రెండు బాధ్యతలు.

అమ్మాయి ఒక గ్లాసు నీళ్ళు తాగి చెప్పడం మొదలుపెట్టింది. ఆమెది మేనేజిమెంటు చదువు. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో ఎనిమిది వారాలు ఏదో ఒక సంస్థలో పనిచేసి, ఒక ప్రాజెక్టు చేసి చూపించాలి. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. అందులో తప్పితే ఏడాది తప్పినట్టే. తోటివాళ్ళు బ్యాంకులకీ సబ్బుల కంపెనీలకీ వెళ్ళారు. ఈమె ఆస్పత్రి కోరుకుంది.

"ఆస్పత్రే ఎందుకమ్మా?"

"మా నాన్నకి కంటి జబ్బు వచ్చినప్పుడు ఒక రోజంతా బెంచీ మీద కూర్చున్నామండీ. డాక్టరు చూసింది పది నిమిషాలు. మిగతా రోజంతా ఎక్కడికి పోయిందో తెలుసుకోవాలనిపించింది."

తక్కెడాయన మొహంలో మొదటిసారి సంతోషం కనిపించింది. తూకంలో తరుగు ఎక్కడ పోయిందని అడిగే మనుషులంటే ఆయనకి ఇష్టం.

ఆమె పద్ధతి చాలా తేలిక. ఓపీ తలుపు దగ్గర రోగి చేతికి ఒక నారింజ రంగు అట్టకార్డు ఇస్తారు. దాని మీద రోగి నంబరు, వచ్చిన టైము ముద్ర. డాక్టరు గది దగ్గర ఒక ముద్ర, ల్యాబు దగ్గర ఒకటి, మందుల కౌంటరు దగ్గర ఒకటి. పోయేటప్పుడు కార్డు డబ్బాలో వేసి పోవాలి.

"చెప్పడం తేలికేనండీ. మొదటి వారం ఒక్కరూ ముద్ర వెయ్యలేదు. 'మా పని మేం చేసుకోవాలా, నీ కార్డులు కొట్టాలా' అన్నారు. రెండో వారం నేనే ప్రతి బల్ల దగ్గరా కూర్చుని వాళ్ళ పని కొంచెం అందుకున్నాను. రక్తం తీసే గదిలో కళ్ళు తిరిగి పడిపోయాను కూడా. ఆ దెబ్బతో నర్సులందరూ నన్ను సొంత పిల్లని చేసుకున్నారు. ఇప్పుడు రోగులు కూడా గడియారం అని పిలుస్తారు."

"బాగుంది. ఏం తేలింది గడియారం?"

"తలుపులోకి వచ్చిన దగ్గర్నుంచి బయటికి పోయేదాకా సగటున గంటా యాభై రెండు నిమిషాలు. హాల్లో బోర్డు మీద మాత్రం ముప్పై అయిదు నిమిషాలని రాసుంది. రక్తం కింద తీస్తారు, పరీక్ష నాలుగో అంతస్తులో చేస్తారు. ట్రాలీలో నలభై ట్యూబులు నిండితేగాని పైకి పంపరు. రెండేళ్ళుగా అదే రూలట. మొదటి ట్యూబు ఇచ్చిన మనిషి నలభయ్యోవాడి కోసం కూర్చోవాలి."

"లోడు నిండితేగాని కదలని లారీ! నా మేకులు అలాంటి లారీల్లోనే మూడేసి రోజులు తడిసేవి," అన్నాడు తక్కెడాయన. "సరే. పెట్టె ఎప్పుడు పోయింది?"

శుక్రవారం సాయంత్రం ఆమె పెట్టెని పద్నాలుగో నంబరు గదిలో పెట్టి తాళం వేసింది. శనివారం కాలేజీకి వెళ్ళి ప్రొఫెసరుని కలిసింది. సోమవారం పొద్దున్న తాళం వేసే ఉంది, పెట్టె లేదు. కార్డుల్లోని టైములు కంప్యూటర్లో ఎక్కించింది కాబట్టి లెక్క ఉంది. కానీ ఆమె ప్రాజెక్టుకి గైడుగా ఉన్న మేనేజరు, అసలు కార్డులు లేకుండా ఆ లెక్క చెల్లదన్నాడు. ఆస్పత్రి పెద్ద డాక్టరు గురువారం పదింటిదాకా గడువిచ్చింది. ఆలోగా కార్డులు చూపించకపోతే, అంకెలు కల్పించిందని కాలేజీకి ఉత్తరం పోతుంది. ఉత్తరం టైపు కూడా అయిపోయింది.

"ఎన్ని కార్డులు?" మరదలు అడిగింది.

"గురువారం వరకు ఎనిమిది వందల డెబ్భై నాలుగండీ. అంతవరకే కంప్యూటర్లో ఎక్కించాను. శుక్రవారంవి లెక్కపెట్టలేదు. సోమవారం చూసుకుందామని రబ్బరు బ్యాండు వేసి, అదే పెట్టెలో పెట్టేశాను."

"ఎవరి మీద అనుమానం?"

గడియారం కొంచెం నసిగింది. "మందుల కౌంటరు ఇన్‌చార్జి మేడం. నేనంటే ఆవిడకి పడదు."

*

ఆస్పత్రి హాలు పదిన్నరకి నిండుగా ఉంది. వరసల మధ్య నడుస్తుంటే బెంచీల మీంచి పిలుపులు. "గడియారం, ఇవాళ కార్డుల్లేవా?" "గడియారం, మా ఆయన లోపలికెళ్ళి ఎంతసేపయిందో చూడమ్మా." ఆ అమ్మాయి అందరికీ నవ్వుతూనే జవాబు చెప్పింది. పద్నాలుగో నంబరు గది తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు తగ్గింది.

అది ఒకప్పుడు దుప్పట్లు పెట్టే గది. ఒక బల్ల, ఒక కుర్చీ, పెట్టె ఉన్నచోట దుమ్ములేని చదరం. తాళం మీద గీత కూడా పడలేదు. తాళం చెవులు మూడు. ఒకటి గడియారం దగ్గర, ఒకటి సెక్యూరిటీ బల్ల దగ్గర, మూడోది అన్ని గదులకీ పట్టే మాస్టర్ కీ. అది మేనేజరు దగ్గర.

సెక్యూరిటీ మనిషి రిజిస్టరు చూపించాడు. శనివారం పద్నాలుగో గది తాళం చెవి ఎవరూ తీసుకోలేదు.

"ఇంత పెట్టె సార్," అని చేతులు చాపాడు. "దాన్ని పట్టుకుని ఈ గేటు దాటితే నేను చూడనా? నాకు కళ్ళు లేవా?"

"ఉన్నాయయ్యా, మంచివే ఉన్నాయి. ఆ శనివారం పొద్దున్న ఈ వరండాలో ఏమేం తిరిగాయి?"

"ఏముంటాయి సార్. మాసిన దుప్పట్ల బండి, ఓపీ ఫైళ్ళు కిందికి తీసుకెళ్ళే బండి. రోజూ తిరిగేవే."

"రోజూ తిరిగేవే," అని తక్కెడాయన మళ్ళీ అన్నాడు. మరదలు రాసుకుంది.

మందుల కౌంటరు ఇన్‌చార్జి యాభై ఏళ్ళ మనిషి. ముక్కు మీద కళ్ళజోడు, కళ్ళజోడు మీద కోపం.

"నేను తీసుంటే పెట్టె ఒక్కటే తీస్తానా? ఆ స్టాప్‌వాచి కూడా తీసి లోపల పడేసేదాన్ని. మూడు వారాలు నా నెత్తిన నిలబడింది ఈ పిల్ల! నేను మాత్ర తీస్తే టిక్కు, సీసా తీస్తే టిక్కు."

"మరి తీయలేదెందుకు?"

"ఎందుకు తీస్తానయ్యా? వచ్చినవాడల్లా మందుల దగ్గరే లేటని నన్ను తిట్టిపోతాడు. నా బల్ల దగ్గర పట్టేది ఆరు నిమిషాలని కార్డుల్లో తేలిందట. ఆ మాట రేపు అందరి ముందూ చెబుతానంది. నా పదేళ్ళ పీడ వదిలేది. ఇప్పుడు ఆ కార్డులే లేవంటున్నారు." ఆవిడ గడియారం వైపు తిరిగి గొంతు తగ్గించింది. "తిన్నావా పొద్దున్న? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

గడియారం తెల్లబోయింది. పడదనుకున్న మనిషి ఆరు వారాల్లో అడిగిన మొదటి మంచి మాట అది.

ఇంతలో ఒక ముసలాయన వచ్చి మందుల చీటీ కోసం తన ఫైలు కౌంటరు మీద తెరిచాడు. ఫైలు మడతలోంచి కందిగింజంత గుండ్రటి కాగితం ముక్క జారి పడింది. నారింజ రంగుది. ఇన్‌చార్జి దాన్ని ఊదెయ్యబోతే తక్కెడాయన వేలితో అద్ది తీసి కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నాడు.

"ఏమిటది బావగారూ?"

"తరుగు," అన్నాడాయన.

మేనేజరు గదిలో ఏసీ చల్లగా, మాట ఇంకా చల్లగా ఉన్నాయి. నలభై దాటని వయసు, ఇస్త్రీ నలగని చొక్కా. వెనక గోడ మీద అద్దం కట్టిన ప్రశంసాపత్రం. ల్యాబు ట్రాలీ తిరుగుళ్ళను సగానికి తగ్గించినందుకు ఇచ్చారని దాని మీద రాసుంది.

"తెలివైన అమ్మాయేనండీ, కాదనను," అన్నాడు మేనేజరు. "కానీ ఈ చదువులవాళ్ళకి తొందరెక్కువ. ఎనిమిది వారాల్లో ఆస్పత్రిని తిరగేసెయ్యాలి. తొమ్మిది వందల పన్నెండు కార్డులట! ఒక్కటి చూపించమ్మా అంటే లేదు. నేనేం చెయ్యను చెప్పండి?"

"నిజమే. శనివారం మీరు వచ్చారా?"

"సగం పూట."

"మాస్టర్ కీ?"

"ఈ డ్రాయర్లోనే పడుంటుంది. ఎవరైనా తీసుండొచ్చు."

"ఈ విభాగానికి వచ్చే టపా ఎవరు చూస్తారు?"

మేనేజరుకి ఆ ప్రశ్న వింతగా తోచింది. "నేనే చూస్తాను. కవర్లు నేను తప్ప ఇంకెవరూ విప్పరు. ఆ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ."

"మంచి అలవాటు," అన్నాడు తక్కెడాయన.

*

మధ్యాహ్నం క్యాంటీన్లో గడియారం పళ్ళెం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది. మరదలు ఇక ఊరుకోలేకపోయింది.

"బావగారూ, తాళం పగల్లేదు, గేటు దాటలేదు. మందులావిడ కాదంటున్నారు. పెట్టె ఆవిరైపోయిందా ఏమిటి?"

"నా కొట్టులో ఒకసారి రెండు బస్తాల బోల్టులు పోయాయి. వారం వెతికాం. దొంగ కోసం వెతికినన్నాళ్ళూ దొరకలేదు. చివరికి చూస్తే, బోల్టులుండాల్సిన అరలోనే ఉన్నాయి. కొత్త కుర్రాడు పద్ధతిగా సర్దేశాడు. వస్తువు పోవడమంటే దొంగ దగ్గరికే పోవాలని లేదు." ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. "నీ పుస్తకంలో పొద్దుటి నుంచి ఉన్న అంకెలన్నీ ఒకసారి వరసగా చదువుకో. నేను నేలమాళిగలోకి వెళ్ళొస్తాను."

"నేనూ వస్తాను."

"వద్దు. మెట్లకి రెయిలింగు లేదు. నువ్వు పడితే మీ అక్క నన్ను బతకనివ్వదు."

ఇరవై నిమిషాల తర్వాత ఆయన తిరిగొచ్చాడు. మోచేతుల నిండా దుమ్ము. మొహం మాత్రం బేరం కుదిరిన రోజు మొహంలా ఉంది. వస్తూనే గడియారం పళ్ళెం వైపు చూసి, "తినమ్మా. నాలుగింటికి అందరినీ పెద్ద డాక్టరుగారి గదికి రమ్మన్నాను. ఖాళీ కడుపుతో వినే సంగతి కాదు," అన్నాడు.

మరదలు అప్పటికి పుస్తకంలో ఒక అంకె కింద రెండు గీతలు గీసి ఉంది. బావగారి వైపు తిప్పి చూపించింది. ఆయన తలూపాడు.

"కోర్టువాళ్ళు నిన్ను రిటైరు చేసి నష్టపోయారు మరదలా."

"ఆ ముక్క మా అక్క ముందు ఒకసారి అనండి," అందావిడ, లోలోపల మురిసిపోతూ.

*

నాలుగింటికి పెద్ద డాక్టరు గదిలో ఆరు కుర్చీలు నిండాయి. పెద్ద డాక్టరు తెల్లజుట్టు మనిషి, తక్కువ మాటలు. ఆవిడ ముందు బల్ల మీద టైపు చేసిన ఉత్తరం సంతకం లేకుండా ఉంది. మేనేజరు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మందుల ఇన్‌చార్జి గడియారం పక్క కుర్చీ పట్టుకుంది. మరదలు పుస్తకంతో మూలన. ఆరో కుర్చీలో ఎవరూ పట్టించుకోని మనిషి ఒకాయన. గళ్ళ చొక్కా, బొటనవేలికి ప్లాస్టరు, ఒళ్ళో రెండు లావుపాటి రిజిస్టర్లు. సెక్యూరిటీ మనిషి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, నేను ఇనుము అమ్ముకున్నవాణ్ణి. నా పద్ధతి ఒక్కటే," అని తక్కెడాయన నిలబడే మొదలుపెట్టాడు. "ఎవరికి లాభం, ఎవరికి నష్టం. ఈ కార్డులు పోతే ఈ అమ్మాయికి ఏడాది నష్టం. మందులావిడకి కూడా నష్టమే, ఆవిడ మీద మాట పోయేది కార్డులతోనే. ఆ సంగతి నాకు అర్థమయ్యాక దొంగని వెతకడం మానేసి పెట్టెని వెతికాను. తాళం పగల్లేదు కాబట్టి తాళం చెవితోనే తీశారు. గేటు దాటలేదు కాబట్టి పెట్టె ఈ ఆస్పత్రిలోనే ఉంది. శనివారం ఆ వరండాలో పెట్టె పట్టేంత బండ్లు రెండే తిరిగాయి. ఒకటి దుప్పట్లది, ఒకటి ఫైళ్ళది."

ఆయన కళ్ళజోడు పెట్టె తెరిచి నారింజ చుక్కని తెల్ల కాగితం మీద పెట్టాడు.

"ఇది ఒక రోగి ఫైల్లోంచి పడింది. పంచింగ్ మిషనుతో అట్టకి చిల్లు పొడిస్తే రాలే ముక్క. కాగితానికి చిల్లు పొడిచేది ఫైల్లో కట్టడానికే. నారింజ అట్ట ఈ ఆస్పత్రిలో ఈ అమ్మాయి కార్డులకి తప్ప ఇంక దేనికీ వాడరు. అందుకని కిందికి దిగి, రికార్డు రూము గుమాస్తాగారిని కలిశాను. గుమాస్తాగారూ, మీ నియమం ఏమిటో ఒకసారి చెప్పండి."

గళ్ళ చొక్కా ఆయన లేచి నిలబడ్డాడు. అంత మంది పెద్దవాళ్ళ ముందు మాట్లాడటం ఆయనకి అలవాటున్నట్టు లేదు. నియమం అనగానే మాత్రం గొంతు నిటారయింది.

"రోగి నంబరున్న కాగితం ఏదైనా ఆ రోగి ఫైల్లోనే ఉండాలండీ. బయట తిరగకూడదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక్క కాగితం తిరగనివ్వలేదు."

"శనివారం మీకేం వచ్చింది?"

"మా ఫైళ్ళ బండిలో ఒక పెట్టె వచ్చిందండీ. పైన ఒక చీటీ. 'రోగుల నంబర్లున్న కాగితాలు, ఫైళ్ళలో చేర్చగలరు' అని టైపు చేసుంది, సంతకం లేదు. ఇన్ని కాగితాలు బయటెక్కడో పడున్నాయా అని నాకు ప్రాణం ఉసూరుమంది. నేనూ మా అటెండరూ శనివారం, ఆదివారం కూర్చుని ప్రతి కార్డుకీ చిల్లు పొడిచి, దాని ఫైలు తీసి, తేదీ ప్రకారం కట్టేశామండీ." ఆయన ప్లాస్టరు వేసిన బొటనవేలు చూపించాడు. "ఆదివారం చేసిన పనికి బదులు సోమ, మంగళ సెలవిచ్చారు. ఇవాళే వచ్చాను. నన్నెవరూ ఏమీ అడగలేదండీ. కింద ఒక రూముందని ఎవరికి గుర్తుంటుంది."

"అంటే... నా కార్డులు పారెయ్యలేదా?" గడియారం కుర్చీలోంచి లేచింది.

గుమాస్తా నొచ్చుకున్నాడు. "పారెయ్యడమేమిటమ్మా! ఒక్క కార్డు నలగలేదు. ఏ నంబరైనా చెప్పు, రెండు నిమిషాల్లో తీస్తాను."

తక్కెడాయన కూడా ఆ సంగతే అందుకున్నాడు. "డాక్టరమ్మా, ఈ అమ్మాయి కంప్యూటర్లోంచి మీకు నచ్చిన పది నంబర్లు చెప్పండి."

పెద్ద డాక్టరు ఎక్కడెక్కడివో పది నంబర్లు ఏరి చెప్పింది. గుమాస్తా అన్నమాట ప్రకారమే ఫోను చేశాడు. అటెండరు ఫైళ్ళు మోసుకొచ్చాడు. ప్రతి ఫైల్లోనూ డాక్టరు చీటీకీ ల్యాబు రిపోర్టుకీ మధ్య ఒక నారింజ కార్డు. ఆవిడ ఒక్కొక్క ముద్రనీ కంప్యూటర్లోని టైముతో కలిపి చూసింది. పదికి పది సరిపోయాయి.

"ఇప్పుడు మిగిలింది ఒక్కటే," అన్నాడు తక్కెడాయన. "పెట్టెని బండి ఎక్కించింది ఎవరు? గుమాస్తాగారు తన పని తను చేశారు. ఆయన నియమం తెలిసినవాళ్ళెవరో ఆ నియమాన్నే దాపరికంగా వాడుకున్నారు. చింపితే నేరం, తగలబెడితే నేరం. ఇలా అయితే ఎవరికీ చెయ్యి మురికి కాదు, కార్డులు వందల ఫైళ్ళలో విడిపోతాయి. మరదలా, అంకెలు చదువు."

మరదలు కోర్టులో చదివినట్టే చదివింది. "తొమ్మిదీ ఇరవైకి, ఈ అమ్మాయి మాట: గురువారం వరకు ఎనిమిది వందల డెబ్భై నాలుగు, శుక్రవారంవి లెక్కపెట్టలేదు. పదకొండూ ముప్పావుకి, మేనేజరుగారి మాట: తొమ్మిది వందల పన్నెండు కార్డులట."



"లెక్కపెట్టని కార్డుల లెక్క మీకెలా తెలిసింది మేనేజరుగారూ?"

"అది... సుమారుగా అన్నాను. రోజుకి నలభై దాకా వస్తాయి కదా."

"సుమారుగా అంటే తొమ్మిది వందలంటారు. తొమ్మిది వందల పన్నెండు అనరు. ముప్పై ఏళ్ళు సరుకు తూచాను. సుమారుకి చివర పన్నెండు ఉండదు. గుమాస్తాగారూ, మీ రెండో రిజిస్టరు."

గుమాస్తా పేజీ తిప్పి చదివాడు. "శనివారం. ఓపీ విభాగం నుంచి ఒక పెట్టె. కార్డులు తొమ్మిది వందల పన్నెండు. ఆదివారం సాయంత్రానికి అన్నీ ఫైళ్ళలో చేర్చాము. రసీదు ఓపీ విభాగానికి పంపడమైనది." తలెత్తి చెప్పాడు. "నాకు కాగితం వస్తే రసీదు పంపాలి కదండీ. సంతకం లేదు కాబట్టి విభాగం పేరున కవరు పంపాను."

"ఈ ప్రపంచంలో ఆ అంకె ఉన్నది రెండే చోట్ల," అన్నాడు తక్కెడాయన. "ఒకటి ఈ రిజిస్టరు. ఇది ఇవాళ మధ్యాహ్నం దాకా బీరువాలో ఉంది. రెండోది ఆ రసీదు. ఓపీ విభాగం కవర్లు ఒక్కరే విప్పుతారు. ఆ మాట నాతో ఆయనే చెప్పారు. పెట్టె పంపింది మీరు కాదనే అనుకుందాం మేనేజరుగారూ. రసీదు చదివి, కార్డులన్నీ ఫైళ్ళలో భద్రంగా ఉన్నాయని తెలిసి, మూడు రోజులు ఈ పిల్ల ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నది మాత్రం మీరే."

మేనేజరు కాలు మీది కాలు ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు.

"నేనే పంపాను," అన్నాడు చివరికి. "నలభై ట్యూబుల రూలు నాది. బోర్డు మీది ముప్పై అయిదు నిమిషాలూ నేనే రాయించాను. డాక్టరు పిలిచిన దగ్గర్నుంచి రక్తం ఇచ్చేదాకా మాత్రమే లెక్క కట్టించాను. తలుపు దగ్గర్నుంచి మళ్ళీ తలుపు దాకా లెక్క కట్టాలని నాకు తట్టలేదు. రెండేళ్ళు ఆ ప్రశంసాపత్రం కిందే కూర్చున్నాను. ఎనిమిది వారాలకి వచ్చిన పిల్ల అది తప్పని నిలబడి చెబుతుంటే వినే ధైర్యం లేకపోయింది."

మందుల ఇన్‌చార్జి ఏదో అనబోయింది. పెద్ద డాక్టరు చెయ్యెత్తి ఆపి, తన ముందున్న ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"అమ్మాయ్, రేపు పదింటికి నీ ప్రెజెంటేషను. ట్రస్టీలందరినీ నేనే పిలుస్తాను. మేనేజరుగారూ, అసలు జరిగింది ఈ అమ్మాయి కాలేజీకి మీ చేతిరాతతో రాసి, సాయంత్రానికి నాకు చూపించండి. సోమవారం నుంచి నెల రోజులు తలుపు దగ్గర కార్డులు మీరే ఇవ్వండి. కూర్చుని కాదు, నిలబడి. ఆ నెల తర్వాత మీ ఉద్యోగం సంగతి మాట్లాడదాం."

"గేటు దగ్గర నేను చూస్తూ ఉంటాను మేడం," అన్నాడు సెక్యూరిటీ మనిషి ఉత్సాహంగా. "నా కళ్ళు మంచివే."

*

మరుసటి వారం శుక్రవారం గడియారం మళ్ళీ మేడ మెట్లెక్కింది. ఇంటర్న్‌షిప్‌లో అదే ఆఖరి రోజు. ఈసారి ఆయాసం లేదు, ఒంటరిగానూ లేదు. వెనక రికార్డు గుమాస్తా చేతిసంచీతో నిలబడి ఉన్నాడు. ఒకసారి పైకొచ్చి ఇంతమంది మధ్య కూర్చున్నాక తనకి నేలమాళిగలో తోచడం లేదట.

ప్రెజెంటేషను బాగా జరిగింది. ట్రాలీ ఇప్పుడు పావుగంటకోసారి ఎన్ని ట్యూబులుంటే అన్నిటితో కదులుతోంది. మొదటి రోజు పదకొండు ట్యూబులతో లిఫ్టు ఎక్కితే నర్సులు చప్పట్లు కొట్టారు. హాల్లో బోర్డు తీసేశారు. సగటు గంటా తొమ్మిది నిమిషాలకి దిగింది. చదువయ్యాక వచ్చి చేరమని పెద్ద డాక్టరు అడిగింది. మందుల ఇన్‌చార్జి రోజూ మధ్యాహ్నం ఆమె పళ్ళెంలో ఏం మిగిలిందో చూసి మరీ తిడుతోంది.

"మరి మేనేజరు?" మరదలు అడిగింది.

"మొదటి రోజు ఎవరితోనూ మాట్లాడలేదండీ. మూడో రోజు ఒక ముసలమ్మకి కుర్చీ తెచ్చి వేశారు. నిన్న నా దగ్గరికొచ్చి, 'ల్యాబు సరే, డాక్టరు గది దగ్గర కూడా ఇరవై నిమిషాలు ఊరికే పోతున్నాయి, చూశావా?' అని అడిగారు."

తక్కెడాయన నవ్వాడు. "అయితే ఆ మనిషి పూర్తిగా నష్టం కింద రాయక్కర్లేదు."

గడియారం సంచీలోంచి ఒక నారింజ కార్డు తీసి ఆయన బల్ల మీద పెట్టింది. దాని మీద రెండు ముద్రలు. తలుపు: బుధవారం, తొమ్మిదీ పది. బయటికి: బుధవారం, నాలుగూ యాభై.

"మీ కేసు టైమండీ. ఏడు గంటల నలభై నిమిషాలు."

"అందులో గంట క్యాంటీన్లో కూర్చున్నాం," అంది మరదలు. "అది కూడా రాసిపెట్టమ్మా, బావగారి బరువు పెరుగుతోంది."

గుమాస్తా అప్పటిదాకా ఆ కార్డునే చూస్తున్నాడు. ఇక ఆగలేక చెయ్యి చాపి తీసుకున్నాడు. ముందువైపు చూశాడు, వెనక్కి తిప్పాడు, వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఇంకోసారి పరీక్షగా చూశాడు. తర్వాత జాగ్రత్తగా తక్కెడాయన చేతిలో పెట్టాడు.

"రోగి నంబరు లేదండీ. మీరే ఉంచుకోవచ్చు."